దుర్గమ్మ గారూ, వేదిక దిగండి

దుర్గమ్మ మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడింది. చంద్రపూర్ ఊళ్ళో తుకుం పేటలోని ప్రైవేట్ డిటెక్టివ్ సుచరిత ఆఫీసుకు భయంతో వచ్చేవాళ్ళు కొత్త కాదు. చనిపోయిన భర్త మీద ఫిర్యాదు తెచ్చింది మాత్రం ఈమే.

"పొద్దుగూకితే మా ఆయన మాట్లాడుతుండు మేడం. 'దుర్గమ్మ గారూ, మీ ఆట ముగిసింది. దయచేసి వేదిక దిగండి' అంటుండు. అచ్చం ఆయన గొంతే. ఇల్లు ఇడిసిపెట్టి పొమ్మంటుండు."

ఆమె భర్త రాజలింగు గొంతు వినని తెలుగు ఇల్లు చంద్రపూర్ గనుల చుట్టుపక్కల లేదు. కేబుల్ చానెల్ ఆటల పోటీకి ఆయన అనౌన్సర్. మనిషి కనిపించడు, గొంతే వినిపిస్తుంది. ఓడినవాళ్ళను కూడా నొప్పించకుండా సాగనంపేవాడు. పోయినేడు కన్నుమూశాడు.

"ఇంట్ల ఎట్ల మాట్లాడేటోరు?" అని సుచరిత అడిగింది.

"గొంతు దాసుకునేటోడు. 'జయా, నీళ్ళియ్యి.' గంతే."

"జయ ఎవరు?" అన్నాడు అసిస్టెంట్ విఠల్.

"మా బిడ్డె. లగ్గమై రాజురాకు పోయి ఏండ్లాయె. ఇల్లమ్మి దాని తానకే పోదామనుకుంటున్న. గాని ఆయన తిరిగిన ఇల్లు ఇడువ మనసైతలేదు."

మర్నాడు బాబుపేట్‌లోని ఆ ఇంట్లో సుచరిత అందరినీ కూర్చోబెట్టింది. ఇల్లు అమ్మమని పోరుతున్న మరిది కనకరాజు ఒకవైపు. కొంటానంటున్న తిరుపతి ఇంకోవైపు. ఇతను రాజలింగు పోయాక మేడమీద అద్దెకు దిగాడు, ఆయన చానెల్‌లోనే ఎడిటర్. రాజలింగు సాధన చేసుకున్న గదిలో ప్రతిధ్వని రాకుండా గోడలకు బొంతలు కట్టి ఉన్నాయి. విఠల్ ఒక బొంత వెనక నుంచి చిన్న స్పీకర్ తీశాడు. అతని అనుమానమంతా కనకరాజు మీదే.

సుచరిత తల అడ్డంగా ఊపింది. "అత్తారింటికి పోయిన బిడ్డను నీళ్ళెట్ల అడుగుతరు, విఠల్? ఆయన జయా అని పిలిచింది భార్యను. ఈ గొంతేమో దుర్గమ్మ అంటుంది."

"మా ఇండ్లల్ల పెండ్లాం పేరు నోటికి రాదు. బిడ్డ పేరుతోనే పిలుస్తం," అన్నాడు కనకరాజు.

"అది ఈయనకు ఎరుకే. రాజలింగు గారిని స్టూడియోల మాత్రమే చూసినోళ్ళకు ఎరుక లేదు," అంది సుచరిత.

తిరుపతి మొహం పాలిపోయింది. ఎప్పుడో పోటీలో ఓడిన మరో దుర్గమ్మను రాజలింగు సాగనంపిన మాటలవి. వాటిని కత్తిరించి, ఇల్లు చవగ్గా కొట్టేద్దామని వినిపించానని ఒప్పుకున్నాడు. పోలీసులకు ఫోన్ చెయ్యమంది సుచరిత. విఠల్ గర్వంగా ఫోన్ తీశాడు.

"జర ఆగు బిడ్డా," అంది దుర్గమ్మ. "పేరు వెట్టి పిలుస్తుంటే, సచ్చినంక మారిండేమో అనుకున్న. గారూ అని గూడ అన్నడు. ఎన్నడన్నడు గట్ల? తిరుపతీ, ఇంకొక్కసారి వినిపియ్యి."

తిరుపతి తల వంచుకున్నాడు. "మేడం వస్తున్నరని తెల్వంగనే తుడిచేసిన. అసలు రికార్డింగ్ గూడ."

సుచరిత వచ్చి దుర్గమ్మ పక్కన కూర్చుంది. "దొంగ దొరికిండు కదా, పెద్దమ్మా. ఇల్లు మీదే."

"దొరికిండు," అంది దుర్గమ్మ. "మా ఆయనే మల్ల పోయిండు."