నల్ల కొంగ గూడు, రెండు అబద్ధాలు

శనివారం వచ్చిందంటే కలీనాకు పంటి నొప్పి, డాక్టరు దగ్గరికని వెళ్ళిపోతుంది. వసంతం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. ఆ పళ్ళ డాక్టరు కుర్రవాడనీ, ఇంకా పెళ్ళి కాలేదనీ తెలిసినప్పటి నుంచి యావోర్‌కు తిండి సహించడం లేదు. మనసులో మాట ఆమెకు చెప్పేలోపే ఈ డాక్టరు ఎక్కడ దాపురించాడో.

నిలదీద్దామంటే నోరు లేవదు. తను మాత్రం నిజం చెబుతున్నాడా? ఆదివారాలు మేనత్త ఇంటికని చెప్పి వెళ్ళేది ఆర్దా నది ఒడ్డుకు. అవతలి కొండచరియలో నల్ల కొంగ గూడు కట్టింది. మనుషుల అలికిడైతే పిల్లల్ని కూడా వదిలేసి పోయే పిట్ట. తనూ కలీనా ఉన్న పక్షుల క్లబ్బులో అరుదైన పిట్ట కనిపిస్తే వెంటనే గ్రూపులో పెట్టాలి. దాచినవాణ్ణి ద్రోహిలా చూస్తారు. పెడితే తెల్లారేసరికి ఒడ్డు నిండా కెమెరాలే. పైగా ఆ గ్రూపు నడిపేది కలీనాయే.

ఆ వారం గాలివాన పట్టుకుంది. గూడు ఉందో పోయిందోనని ఆగలేక యావోర్ శనివారమే బయలుదేరాడు. ఎప్పుడూ తను కూర్చునే పొద వెనక రెయిన్‌కోటులో ఎవరో నక్కి ఉన్నారు. చూస్తే కలీనా. పంటి నొప్పి మనిషి హాయిగా బనిత్సా అనే జున్ను రొట్టె తింటోంది.

"మీ డాక్టరు ఇక్కడికి మకాం మార్చాడా?" అన్నాడు మెల్లగా.

"మీ అత్త కొండ మీద కాపురం పెట్టిందా?"

"ఈ గూడు సంగతి నీకెప్పటి నుంచి తెలుసు?"

"అది పుల్లలు పేర్చేటప్పటి నుంచి. నీకు చెబితే ఫొటో కోసం ఏరు దాటి పోతావని చెప్పలేదు."

"నువ్వు గ్రూపులో పెట్టేస్తావని నేను చెప్పలేదు."

"అంత నమ్మకమన్నమాట నా మీద."

"నీకు నా మీద ఉన్నంత."

కలీనా ఫక్కున నవ్వింది. అవతల కొంగ చటుక్కున లేచి నిలబడింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఈ చలిలో అది ఎగిరిపోతే తడిసిన పిల్లలు బతకవు. కొంగ అటూ ఇటూ చూసింది, రెక్కలు విదిలించుకుంది, మళ్ళీ పిల్లల మీద కూర్చుంది. యావోర్‌కు ప్రాణం లేచి వచ్చింది.

"అయితే ఆ డాక్టరు..." అన్నాడు గొణుగుతూ.

"అతని మొహం కూడా చూడలేదు, పిచ్చోడా. నాకు ఒక్క పుచ్చు పన్ను కూడా లేదు."

ఇన్నాళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఆ సంతోషంలో గొంతు పెరిగింది కూడా. "కలీనా, నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె గబుక్కున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ష్... అక్కడ పసివాళ్ళున్నారు."

కొంగ కదల్లేదు. ఆమె చెయ్యి తీసి, చెవిని అతనికి దగ్గరగా పెట్టింది.

"ఇప్పుడు మెల్లగా ఇంకోసారి చెప్పు."