అడుగున కన్నం

ప్లంబరు కుళాయి విప్పాడు, పశువుల డాక్టరు నిలువునా తడిసింది. వాళ్ళ పరిచయం అలా మొదలైంది.

తప్పు ఇద్దరిదీనూ. మెయిన్ వాల్వు కట్టేశానని ఆమె చెప్పింది. కట్టేసింది పక్క వాల్వు. ఒకసారి చూసుకోకుండా ఇతను స్పానర్ వేశాడు. నీటి ధార సూటిగా వెళ్ళి, బల్ల దగ్గర మేకకు సూది వేస్తున్న ఆమెను కొట్టింది. మేక గుమ్మం దాటి పరారైంది.

"ముందు ఆ మేకని పట్టుకురండి. తర్వాత తిడతాను," అంది కళ్ళజోడు తుడుచుకుంటూ.

"రెండూ ఒకేసారి కానిచ్చేయండి డాక్టరుగారూ. నేను పరిగెడతాను, మీరు తిడుతూ వెనకాలే రండి."

నవ్వు రాకుండా ఆమె పెదవి కొరుక్కుంది. అక్కడే అతని పని అయిపోయింది. ఆ తర్వాత ఆసుపత్రి కుళాయిలు నెలకు రెండుసార్లు ఎందుకు కారేవో బాగుచేసేవాడికే తెలియాలి.

ఆమె తండ్రి బస్సు నడిపి రిటైరైన మనిషి. కూతుర్ని పాత జీపులో ఊళ్ళు తిప్పేది ఆయనే. స్టీరింగ్ ఆమె చేతికి ఇచ్చేవాడు కాదు. వాగు దాటితే తప్ప అందని ఊళ్ళు చాలా ఉన్నాయి, అందుకని జీపుకు స్నార్కెల్ పెట్టించాలని ఆయనకు మహా కోరిక. ఇంజను గాలిని బానెట్ కింద నుంచి కాకుండా టాపు ఎత్తులోంచి పీల్చుకునే గొట్టం అది. నీళ్ళలో దిగినా ఇంజను నీళ్ళు తాగదు. ఆ పాత మోడల్‌కు సరిపడేది బజార్లో దొరకలేదు.

"పైపు పనేగా బాబాయ్, నేను చేసిపెడతాను," అన్నాడు ప్లంబరు.

"బాబాయ్ అంటే మా అమ్మాయి నీకు చెల్లెలవుతుంది. బాగా ఆలోచించుకుని పిలువు," అన్నాడు పెద్దాయన నవ్వకుండా.

మర్నాటి నుంచి "మామయ్యా" అయింది. లోపల్నుంచి ఆమె, "నాన్నా, నీకు అస్సలు సిగ్గు లేదు," అని అరిచింది. తలుపు మాత్రం వేసుకోలేదు.

మూడు ఆదివారాలు పట్టింది. పైపు కోసి, ఎల్బోలు అతికించి, ఇనప క్లాంపులతో అద్దం పక్కన బిగించి, నల్లరంగు వేశారు. మూడో ఆదివారం పరీక్ష. ఇంజను నడుస్తుండగా పైపు మూతిని అరచేత్తో మూస్తే ఇంజను ఆగిపోవాలి. ఆగిందంటే గాలి ఇంకే దొంగదారినా రావడం లేదని అర్థం. పెద్దాయన చెయ్యి పెట్టాడు, ఇంజను టక్కున ఆగింది. ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

ఆ సంబరంలో ప్లంబరుకు ఒక ఆలోచన వచ్చింది. పైపులో వాననీరు పడితే, బానెట్ కింద గాలిని వడకట్టే ఫిల్టరు డబ్బాలో నిలిచిపోదా? నీరు చేరేచోట అడుగున దారి వదలాలన్నది అతని పనిలో మొదటి పాఠం. డబ్బా అడుగున ఉన్న రబ్బరు బిరడా పీకేసి, ఆ చిన్న కన్నాన్ని డ్రిల్లుతో వేలు దూరేంత చేశాడు.

"ఇందులోంచి నీళ్ళు పైకి రావుటోయ్?" అన్నాడు పెద్దాయన.

"నీళ్ళు కిందికే పోతాయి మామయ్యా. ఇది నా సబ్జెక్టు. మీరు బస్సుల సంగతి చెప్పండి, వింటాను."

పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు. ప్లంబరు పరీక్ష మళ్ళీ చెయ్యలేదు. ఆ పైపు చూసి ముచ్చటపడ్డ మరో నలుగురు తమ బళ్ళకూ పెట్టించుకున్నారు. నాలుగింటికీ అదే కన్నం.

వానలు ముదిరాక ఒక ఉదయం, ఆవు ఈనలేక అవస్థ పడుతోందని వాగు అవతల నుంచి ఫోన్ వచ్చింది. నీళ్ళు బానెట్ దాకా ఉన్నాయి. "పైపుందిగా," అని పెద్దాయన జీపు దింపాడు. నడివాగులో ఇంజను ఆగిపోయింది. నీళ్ళు పెరుగుతుంటే ఆయన కూతుర్ని కిటికీలోంచి పైకి నెట్టాడు. ఆమె పైపు పట్టుకుని వేలాడింది. ఆయన కాలు మోపే చోటు దొరక్క కొట్టుకుపోయాడు. ఒడ్డునున్నవాళ్ళు తాడు విసిరేదాకా ఆమె ఆ పైపు వదల్లేదు. ప్లంబరు వేసిన జాయింట్లు ఒక్కటీ ఊడలేదు.

అందరూ వాగును తిట్టారు. ఆమె తల్లి మాత్రం ప్లంబరు చేతులు పట్టుకుని ఏడ్చింది. "నువ్వు పెట్టిన పైపే నా పిల్లని బతికించింది బాబూ. ఆయన కూడా నిన్నే అల్లుడనుకున్నారు. సంవత్సరం తిరక్కుండా మీ ఇద్దరి పెళ్ళి చేసేస్తాను."

జీపును లాక్కొచ్చి పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టారు. బాగవుతుందేమో చూడమని ఆమె అడిగితే అతను ఫిల్టరు డబ్బా విప్పాడు. లోపల బురద. పైపు లోపల మాత్రం పొడి దుమ్ము. అతను డబ్బా అడుగున కన్నంలో వేలు పెట్టి చూసి, మూత బిగించి, చెప్పకుండా వెళ్ళిపోయాడు.

రెండు వారాలు అతను ఆమె ఫోన్ ఎత్తలేదు. పదిహేనో రోజు మధ్యాహ్నం ఆమె కబురు పంపి మరీ పెరట్లోకి రప్పించింది.

"జీపు బాగవకపోతే పోనీ. మొహం చాటెయ్యడం ఎందుకు? అమ్మ తొందరపడుతోంది. నాకూ ఇష్టమేనని చెబుదామంటే మనిషి దొరకడు."

"ముందు ఇది చూడండి."

"మళ్ళీ ఈ 'అండి' ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అతను ఆమె వేలు పట్టుకుని పైపు కింది కొస లోపల రుద్దించాడు. వేలికి దుమ్ము అంటింది. తర్వాత డబ్బా మూత తీశాడు.

"నీళ్ళు పైనుంచి రాలేదు. అడుగున కన్నంలోంచి వచ్చాయి. దాన్ని పెద్దది చేసింది నేను."

ఆమె డబ్బాలోకి వంగి చూసింది. "తెలియక చేశావు," అంది. ఆ మాట అతని కోసమో తన కోసమో అతనికి అర్థం కాలేదు.

"మామయ్య అడిగారు, నీళ్ళు పైకి రావా అని. నేను నవ్వి తీసిపారేశాను."

"ఎందుకు చెప్పావు నాకు?" అని కసిరింది. "నోరు మూసుకుంటే ఎవరికి తెలిసేది?"

"పెళ్ళయ్యాక మీ అమ్మగారు రోజూ ఆ పైపు మహిమ చెబుతుంటే, వింటూ ఆ ఇంట్లో అన్నం తినాలి. నా వల్ల కాదు."

ఆమె గేటు దాకా నడిచింది. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "ఇంకా ఎవరెవరికి పెట్టావు?"

"నలుగురికి."

"మూశావా?"

"నీకు చెప్పకుండా వాళ్ళకెలా..."

"రెండు వారాలుగా వాన పడుతోంది! ముందెవరికి చెప్పాలో వరస చూసుకుంటూ కూర్చున్నావా? స్కూటర్ తియ్యి."

సాయంత్రానికి మూడు బళ్ళ కన్నాలు మూశారు. ఆమె ఎక్కడా అతని భుజం పట్టుకోలేదు, సీటు వెనక కమ్మీ పట్టుకుంది. నాలుగోది ఇటుకల లారీ. ఓనరు ఒప్పుకోలేదు.

"మూసేస్తే వాననీళ్ళు ఎటు పోతాయయ్యా? అప్పుడు నువ్వే కదా చెప్పావు?"

ప్లంబరు జేబులోంచి రబ్బరు బిరడా తీశాడు.

"ఆ కన్నం వల్లే మా నాన్న పోయాడు," అంది ఆమె.

ఓనరు ఆమెను చూసి, అతన్ని చూసి, "ఆ జీపుకీ నువ్వేనా?" అన్నాడు.

"నేనే."

ఓనరు బానెట్ ఎత్తాడు. బిరడా బిగించి, సీలెంట్ పూసి, అది ఆరేదాకా కూర్చుని, ఇంజను తిప్పారు. పైపు మూతి మూయడానికి ఆమే లారీ మెట్టెక్కింది. అరచెయ్యి ఆనించింది. ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. నడివాగులో విన్నదీ ఆ చప్పుడే. ఆమె చెయ్యి తియ్యలేకపోయింది. అక్కడే తల ఆనించి, ఇన్నాళ్ళుగా ఏడవనిదంతా ఏడ్చింది. అతను కింద నిలబడ్డాడు. దగ్గరికి వెళ్ళే హక్కు ఉందో లేదో అతనికి తెలియలేదు.

స్కూటర్ దగ్గరికి వచ్చాక అతను నోరు తెరవబోయాడు.

"క్షమించావా అని అడక్కు," అంది. "ఇంకా లేదు."

"సరే."

"అమ్మకి నువ్వే చెప్పాలి."

"ఇప్పుడే వస్తాను."

"ఇంట్లోంచి పొమ్మంటుంది."

"పోతాను."

"నన్నూ పొమ్మంటుంది."

"నిన్నెందుకంటుంది?"

ఆమె వెనక సీటు ఎక్కి కూర్చుంది.

"నువ్వు చెబుతున్నంతసేపూ నీ పక్కనే కూర్చుంటాను కాబట్టి."