తుడిచేసిన గెలాక్సీలు

"ఏమండీ, నా గెలాక్సీలన్నీ ఏమైపోయాయి?"

బోయిగూడ ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందున్న జ్ఞానశేఖర్ ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా డోరా, బొల్లారం స్కూల్లో సైన్సు టీచర్. ఆమె చేతిలోని పెద్ద ప్రింటులో నల్లరంగు తప్ప మరేమీ లేదు.

"గెలాక్సీలా! దుమ్ము మచ్చలనుకున్న మేడమ్. పొద్దున్నుంచి కూసొని సాఫ్ చేసిన."

ఓనరు దగ్గర పెళ్ళి ఫోటోలు తీయడం, వాటిలో మచ్చలు తీసేయడమే పాపం అతని ఉద్యోగం. డోరాకు కోపం ఆగలేదు. ఆ వెంటనే నవ్వూ ఆగలేదు.

"అది హబుల్ స్పేస్ టెలిస్కోపు తీసిన ఫోటో! ఏమీ లేదనుకున్న చీకటి మూలకేసి రోజుల తరబడి చూస్తే వేల గెలాక్సీలు బయటపడ్డాయి. వందల కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగండీ అది. మీరు భోజనాల వేళకి ఆర్పేశారు."

"సారీ మేడమ్, మళ్ళ చేసిస్త. గాని కిందికెల్లి తియ్యొచ్చు గద, గా టెలిస్కోపును గంత పైకెందుకు పంపిన్రు?"

"కింద గాలి ఉంది, వెలుగు చెదిరిపోతుంది. పైన అడ్డేమీ ఉండదు."

"అడ్డం లేదు సరే, తోడు సుత లేదు గద. ఒక్కతే పరేషాన్ గాదా?"

డోరా నవ్వు సగంలో ఆగింది. "నేనూ కాకినాడ నుంచి వచ్చి హాస్టల్లో ఒక్కదాన్నే ఉంటున్నా. అలవాటైపోతుంది లెండి."

అలవాటు కాదని జ్ఞానశేఖర్‌కి తెలుసు. అమ్మ పోయినప్పటి నుంచి ఆదివారాలు కూడా చర్చి నుంచి తిన్నగా స్టూడియోకే వస్తున్నాడు. ఇంటికెళితే పలకరించే మనిషి లేదు.

ఆ వారమంతా స్కూలు సైన్సు ఎగ్జిబిషన్ కోసమని ఏదో ఒక ఫోటో పట్టుకుని డోరా వస్తూనే ఉంది. వాన వంకతో ఇరానీ చాయ్ కూడా తాగింది. చివరికి ఎగ్జిబిషన్ ముందురోజు సాయంత్రం, ప్రింట్లన్నీ చుట్టి చంకలో పెట్టుకుంది.

"వస్తానండి."

అతను కుర్చీలోంచి లేచాడు. ఇక ఆమెకు ఇక్కడ పనేముంది?

"మేడమ్... రేపటిసంది మీరు రారు. నాకు మస్తు తక్లీఫ్ అయితది. ఇంతకన్న మంచిగ చెప్పొస్తలేదు."

డోరా గుమ్మంలోనే నిలబడిపోయింది. చెంపలు ఎర్రబడ్డాయి.

"శనివారం మా అమ్మానాన్న వస్తున్నారు. అందరం ఇక్కడే ఫోటో దిగుదామనుకుంటున్నాం."

"తీస్త మేడమ్," అన్నాడు నీరసంగా.

"మీరు తీస్తే ఎలా? కెమెరా మీ ఓనరుగారికివ్వండి. మీరు నా పక్కన నిలబడాలి."