మెల్లగా మోగిన డబ్బా

ఐసుముక్క కరగడం గురించి మేనకోడలు చెప్పినట్టుగా సొంత మాటలు రాసి పంపినందుకు, లిఫ్టు మెకానిక్‌ని బడి గేటు దగ్గరే పట్టుకుంది టీచర్.

“‘ఘనపదార్థము వేడి తగలగా ద్రవముగా మారును.’ నాలుగేళ్ళ పిల్ల ‘మారును’ అందా, మామయ్యగారూ?”

నోటుపుస్తకంలో తల్లిదండ్రుల సంతకం చోట అతను ‘మామయ్య’ అని రాసేవాడు. అందుకని బడిలో అందరికీ మామయ్యే. కానీ తనకంటే చిన్నదైన టీచర్ నోట ఆ ‘గారూ’ వింటే మాత్రం అతనికి ఒక్కసారిగా జుట్టు నెరిసినట్టు ఉండేది.

ప్రతి శుక్రవారం పిల్లలతో ఒక గుడ్డసంచి ఇంటికి వెళ్ళేది. అందులో ఒక చిన్న ప్రయోగం. ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి. పిల్లలు ఏమంటే అది, తప్పయినా సరే, ఉన్నదున్నట్టు రాయాలి. టీచర్ పట్టుబట్టి పెట్టిన పద్ధతి అది.

సైటు నుంచి ఫోనొచ్చిందనీ, మాట్లాడి వచ్చేసరికి ఐసు నీళ్ళయిపోయిందనీ అతను ఒప్పుకున్నాడు. ఆమె కోపంగా ఉండాలని చూసింది గానీ నవ్వొచ్చేసింది. ఈసారి దగ్గరుండి చేయమని కొత్త సంచి చేతికిచ్చింది. లోపల నాలుగు డబ్బాలు: మేకులు, బొత్తాలు, బియ్యం, ఇసుక. పాప కళ్ళకి గంతలు కట్టి, వెనక నిలబడి ఒక్కో డబ్బా ఆడించాలి. చప్పుడు ఎటునుంచి వస్తోందో పాప చెప్పాలి.

అది విన్నాక అతని ముఖంలో నవ్వు లేదు.

రెండు నెలలుగా మేనకోడలు పిచ్చుక వెనకనుంచి పిలిస్తే పలకడం లేదు. ఆ పేరు వాళ్ళమ్మ పెట్టింది. వాళ్ళమ్మ అంటే అతని అక్క, పోయి ఏడాదిన్నర. మామూలు నీరసమే అని పరీక్షలకి తీసుకెళ్ళారు. ఆ ఆసుపత్రి నుంచి ఆవిడ తిరిగి రాలేదు. పిల్ల తండ్రి అంతకుముందే వేరే సంసారం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన తల్లి మాత్రం నెలనెలా వచ్చి, ఒంటరి మగవాడివి, పిల్లని నీ చేతుల్లో ఎలా వదలమంటావని అడిగేది. పిల్లకి ఏదైనా ఉందని తేలితే తీసుకెళ్ళిపోతుంది. తేలకపోతే బాగుండునని, అతను తేల్చుకోవడమే మానేశాడు. పన్నెండో అంతస్తులో తాడు మీద వేలాడినా చెమట పట్టని మనిషికి ఆ నాలుగు డబ్బాలు చూస్తే అరచేతులు తడిశాయి.

శనివారం పొద్దున పిచ్చుకే సంచి ఈడ్చుకొచ్చింది. తువ్వాలుతో గంతలు కట్టాడు. మేకుల డబ్బాకి ఠక్కున చెయ్యి చూపించింది. బొత్తాలకి కాసేపు ఆలోచించి చూపించింది. బియ్యం డబ్బా ఆడించాడు. పిల్ల బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడింది. ఇసుక డబ్బా తీసుకుని జానెడు దూరంలో ఆడించాడు.

“మామయ్యా, ఎప్పుడు మొదలెడతావు?” అంది.

అతను ఆడిస్తూనే ఉన్నాడు.

నోటుపుస్తకంలో ‘అన్నీ సరిగ్గా చెప్పింది’ అని రాశాడు. కాసేపటికి కొట్టేసి, కింద పాప అన్న ఆ ఒక్క మాటా రాశాడు. సోమవారం సంచి ఆయా చేతిలో పెట్టి, టీచర్ కంట పడకుండా వచ్చేశాడు. ఆ మధ్యాహ్నం ఆమె నుంచి ఆరుసార్లు ఫోనొచ్చింది. అతను ఎత్తలేదు.

నాలుగింటికి, అతను పని చేస్తున్న భవనం ఏడో అంతస్తులో, తెరిచి ఉన్న లిఫ్టు తలుపు ముందు ఆమె రొప్పుతూ నిలబడింది. పక్క లిఫ్టు బాగానే పని చేస్తోంది కదా అన్నాడు.

“నాకు లిఫ్టులంటే భయం. నవ్వారంటే ఊరుకోను.”

అతను నవ్వలేదు. పనిముట్లు పక్కన పెట్టి మెట్ల మీద కూలబడి, అక్క సంగతీ, నాయనమ్మ సంగతీ అన్నీ చెప్పేశాడు. ఆమె ఒక మెట్టు కింద కూర్చుని వింది.

“నాలుగు నెలలుగా నా ఎదురుగానే కూర్చుంటోంది. నా ముఖం చూసి, పెదాలు చూసి నెట్టుకొచ్చింది. శ్రద్ధగా వింటోందని మెచ్చుకున్నాను కూడా. నాకూ భయంగానే ఉందండీ. కానీ రేపు పదింటికి వెళ్దాం. ముగ్గురం వెళ్దాం.”

ఆసుపత్రిలో గాజు గది ఉంది. పిచ్చుక చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టారు. చప్పుడు వినబడినప్పుడల్లా ఒక చెక్కముక్క బుట్టలో వేయాలి. ఒకటి వేసింది. ఇంకొకటి వేసింది. తర్వాత ముక్క పట్టుకుని అలా కూర్చుండిపోయింది. లోపల చప్పుళ్ళు వస్తూనే ఉన్నాయని బయటివాళ్ళకి తెలుసు. టీచర్ చెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడో అతనికే తెలియదు. ఆమె వేళ్ళు కూడా చల్లగా ఉన్నాయి.

వరస జలుబుల వల్ల రెండు చెవుల లోపలా నీరు చేరిందని డాక్టరు చెప్పింది. నరానికి ఏమీ కాలేదు. కొన్నాళ్ళు చూసి, తగ్గకపోతే చిన్న ఆపరేషన్‌తో నీరు తీసేస్తారు. నరానికి ఏమీ కాలేదా అని అతను మూడుసార్లు అడిగాడు. మూడోసారి డాక్టరు టీచర్ వైపు తిరిగి, ఈయనకి కూడా చెవులు చూడాలా అంది.

కష్టమైన పని ఇంకొకటి మిగిలింది. నాయనమ్మకి తనే ఫోన్ చేశాడు. మర్నాడే ఆవిడ వచ్చింది, పెద్ద పెట్టెతో. అది పిల్ల బట్టలు సర్దడానికే తెచ్చిందనుకున్నాడు. మాట తడబడుతూనే జరిగిందంతా చెప్పాడు.

“పోయిన నెల మా ఇంట్లో మూడుసార్లు పిలిచాను. పలకలేదు. పొగరు అనుకుని వీపు మీద ఒక్కటిచ్చాను” అందావిడ. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “నువ్వు కనిపెట్టావు నాయనా. నేను కొట్టాను. ఇంక నీతో నాకు పోటీ ఏముంది?”

పెట్టెలో ఆవిడ చీరలున్నాయి. పిల్లకి నయమయ్యే దాకా ఇక్కడే ఉంటానంది. కొన్ని రోజులు పోయాక, అస్తమానం వచ్చి పోయే ఆ టీచరమ్మాయి ఎవరని అడిగింది. సంచుల కోసం వస్తుందని చెప్పాడు. ఆదివారం కూడా సంచులుంటాయా అని ఆవిడ మళ్ళీ అడిగింది.

ఆరు వారాలు చూసినా నీరు తగ్గలేదు. చిన్న ఆపరేషనైంది. వారం తర్వాత సన్నగా వాన పడుతున్న సాయంత్రం ముగ్గురూ బడి నుంచి నడిచి వస్తున్నారు. పిచ్చుక పది అడుగులు ముందు, గొడుగు తిప్పుకుంటూ. వెనక ఒకే గొడుగు కింద ఇద్దరూ. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పలేనని అతనికి తెలుసు. ఆమె కాదంటే ఈ నడక కూడా పోతుందని కూడా తెలుసు. రెండు వీధులు దాటారు. మూడో వీధి మలుపులో, తనకే వినిపించనంత మెల్లగా, తల వంచుకుని అన్నాడు.

“మీరు లేకుండా నాకు ఇల్లు ఇల్లులా లేదండీ.”

ముందు నడుస్తున్న గొడుగు టక్కున ఆగింది. పిచ్చుక వెనక్కి తిరిగింది.

“మామయ్యా, నాకు వినిపించింది.”

అతను బిక్కచచ్చిపోయాడు. పక్కన ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. వాన నీళ్ళో కాదో అతను పోల్చుకోలేకపోయాడు.

“నాకూ వినిపించింది” అందామె.