మాసా నడుము కొక్కేలు

దోర్నపాల్ సడక్ పక్కన నవీనకు చిన్న కుట్టు దుకాణం ఉంది. ఆ మధ్యాహ్నం ముసురు పట్టి ఒక్క బేరమూ రాలేదు. తమ్ముడు నాగార్జున మాత్రం బల్ల మీద తన కవచం నడుంపట్టీ పరిచి, వారం నుంచి సాగుతున్న గొడవే మళ్లీ మొదలుపెట్టాడు.

హైదరాబాద్‌లో వేషాల పోటీ ఉంది. టీవీ సీరియల్లో సేనాపతి వేసుకున్న కవచం తెర మీద ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. ఫోం షీటు కోసి, రెగ్జిన్ అంటించి, రంగులేసి అంతా తయారు చేశాడు. పట్టీని దేంతో బిగించాలో మాత్రం తేలలేదు. నవీన ప్రెస్ బటన్లు చూపిస్తే లాగితే ఊడతాయన్నాడు. వెల్క్రో అంటే, రాజుల కాలంలో అదెక్కడిదని ఎగతాళి చేశాడు. ఆమె బజారంతా తిరిగి తెచ్చిన బకిల్‌ని మెరుపెక్కువని అవతలకి నెట్టేశాడు. ఫోనులో బొమ్మ ఆపి, పెద్దది చేసి, ఆమె ముక్కు ముందు పెట్టాడు. రెండు ఇత్తడి కొక్కేలు. సుత్తి దెబ్బలు కనిపించే నాటు పని.

ఆ రోజు జేబులోంచి సరిగ్గా అలాంటివే రెండు తీశాడు. సంతలో దొరికాయన్నాడు. వాటి నుంచి తడిమట్టి వాసన కొట్టింది. నవీన ఒళ్లు మండిపోతున్నా పట్టీకి కుట్టి ఇచ్చింది.

వాడు నడుముకు చుట్టుకుని తగిలించాడు. టక్... టక్. అద్దంలో చూసుకుని మురిశాడు. అంతలో కరెంటు పోయింది. మబ్బుకి దుకాణమంతా మసకబారింది.

"అక్కా... జర వదులు చెయ్."

రెగ్జిన్ కిర్రుమంది. ఎవరూ ముట్టలేదు. పట్టీ బిగుస్తోంది... నవీన కొక్కెం కింద వేలు దూర్చింది. వెచ్చగా ఉంది. ఒంటి వేడి. వాడి వెనక, గోడకీ వాడికీ మధ్య, ఎవరో పళ్లు కొరుకుతున్నారు... కోపంతో... ఆగకుండా.

"నిజం చెప్పు. యాడివిరా ఇవి?"

"మాసా రాయి మీద... వేలాడుతుంటే..."

మాసా పోయి ఏడాది. పెళ్లిళ్లలో డోలు కొట్టేవాడు. తన వస్తువు ముట్టిన వాడి మీద చెయ్యి చేసుకోకుండా వదిలే మనిషి కాదు. ఊరి బయట అతని పేరున రాయి నిలబెట్టారు. పోయినవాళ్ల వస్తువులు అలాంటి రాళ్లకు కట్టడం అక్కడి ఆనవాయితీ. నవీనకు భయం కంటే కోపమే ముందు వచ్చింది. తమ్ముణ్ణి చెంప మీద కొట్టి, కత్తెరందుకుని పట్టీని నిలువునా కోసేసింది. వాడి నడుము చుట్టూ నల్లగా కమిలిపోయి ఉంది.

వాణ్ణి వానలోనే మాసా భార్య హిడ్మే ఇంటికి లాక్కెళ్లింది. హిడ్మే వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. నవీన పట్టీ నుంచి ఊడదీసిన కొక్కేలు తన అరచేతిలో పెట్టి చూపి, రాయి మీది సొత్తు తమ్ముడు తీశాడని చెప్పి, క్షమించమని అడిగింది. హిడ్మే చెయ్యి చాపలేదు. లేచి వాళ్లిద్దర్నీ ఇంటి వెనక మాసాను పూడ్చిన సమాధి దగ్గరికి తీసుకెళ్లింది. పేర్చిన రాళ్లు పేర్చినట్టే ఉన్నాయి. సందుల్లో గడ్డి దట్టంగా మొలిచింది.

"రాయి మీద నేనేం కట్టలే," అంది. "అవి ఆయన నడుముకు పెట్టే పూడ్చినం."

ఆమె గొంతులో దుఃఖం కాదు, కోపం ఉంది. నవీన వంగి కొక్కేలు సమాధి మీద పెట్టబోతే, హిడ్మే ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఈడ పెట్టకు. వానలు పడ్డకాంచి ఆయన ఈడ ఉంటలేడు."