వాసన తెలియని మెకానిక్

మెకానిక్ ముక్కు పాడవడానికి కారణం ఐస్ బాబాయి. ఈ మాట అతను ఎవరి ముందైనా చెప్పగలడు, ఒక్క ఐస్ బాబాయి ముందు తప్ప. ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణానికి ఆయనే యజమాని మరి. రెండేళ్ల క్రితం, "జలుబుతో చస్తున్నాను, ఒక్కరోజు సెలవివ్వండి" అంటే, "ఫ్రిజ్‌లతో బతికేవాడికి జలుబేమిట్రా?" అని తొమ్మిది రోజులు కోల్డ్ స్టోరేజీలో పని చేయించాడు. జలుబు పోయింది. పోతూ పోతూ వాసన పసిగట్టే శక్తిని కూడా వెంటబెట్టుకు పోయింది.

ఆ సంగతి బయటికి పొక్కితే ఉద్యోగం ఊడుతుంది. ఏడో తరగతితో బడి మానేసినవాడికి నలభై రెండేళ్ల వయసులో ఇంకో పని ఎవరిస్తారు?

అలాంటివాణ్ణి "ఫ్రిజ్ కంపు కొడుతోంది" అని ఫోన్ చేసిన ఇంటికి పంపించాడు మహానుభావుడు.

తలుపు తీసినావిడ టైలర్. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు.

మెకానిక్ ఫ్రిజ్‌లో తల దూర్చి, గట్టిగా గాలి పీల్చి, పెద్ద డాక్టర్‌లా తల పంకించాడు.

"ఏమీ లేదండీ. ఫ్రెష్‌గా ఉంది."

గుండుసూదులు కింద పడ్డాయి.

"ఫ్రెష్షా? నిన్న కొలతలివ్వడానికి వచ్చినావిడ నడుము దాకా ఇచ్చి, మిగతావి ఫోన్లో చెబుతానని పారిపోయిందండీ!"

"కొందరి ముక్కు కాస్త సెన్సిటివ్‌గా..."

"మీకు అసలుందా ముక్కు?"

తగలాల్సిన చోటే తగిలింది. అరలన్నీ తీసి వంటసోడా నీళ్లతో కడిగాడు. తలుపు రబ్బరు మడతలు తుడిచాడు. మర్నాడే మళ్లీ కంప్లయింట్. ఈసారి వెనిగర్, నిమ్మచెక్కలు. ఆమె చూస్తోందని ఒంటిచేత్తో స్టైల్‌గా అర లాగబోయి నాలుగు గుడ్లు పగలగొట్టాడు. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇంకోసారి వినడానికి మిగిలిన రెండూ పగలగొట్టేవాడే, పరువు అడ్డొచ్చింది.

"మూడోసారి కంప్లయింట్ వచ్చిందంటే టూల్ బ్యాగ్ ఇక్కడ పెట్టేసి ఇంటికి పో," అన్నాడు ఐస్ బాబాయి.

మూడో రోజు వాన. అయినా కంప్లయింట్ రాకముందే చూసొద్దామని తనే వెళ్లాడు. తడిసిన పిల్లిలా గుమ్మంలో నిలబడ్డవాడికి ఆమె తువ్వాలు అందించింది.

"ఇప్పుడెలా ఉంది వాసన?"

"చాలా తగ్గిందండీ."

"నేనడిగింది లోపల స్టవ్ మీద మాడుతున్న పాల సంగతి. పక్కింటివాళ్లు కూడా కిటికీలు మూసుకున్నారు, మెకానిక్ గారూ."

మెకానిక్ స్టూలు మీద కూలబడ్డాడు.

"నాకు వాసన తెలియదండీ. రెండేళ్లయింది. మా బాబాయికి ఫోన్ చేసి చెప్పేయండి. మీ దగ్గర ఇంక నటించడం నా వల్ల కాదు."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే జాలైనా పడతారు, పనిలోంచైనా తీసేస్తారు. మా బాబాయి రెండూ ఒకేసారి చేయగలడు."

ఆమె వెళ్లి స్టవ్ ఆపి వచ్చింది.

"సరే, లేవండి. ముక్కు నాది, చేతులు మీవి."

ఇద్దరూ కలిసి ఫ్రిజ్‌ను గోడ నుంచి జరిపారు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, వాసన చూస్తూ చూస్తూ వెనకవైపు ఆగిపోయింది.

"అమ్మో! ఇక్కడే!"

కంప్రెసర్ మీద నీళ్లు చేరే ట్రే. లోపల ఎప్పుడో ఒలికిన పాలు నీటి కన్నంలోంచి అందులోకి దిగి, ఆ వేడికి కుళ్లిపోయాయి. మెకానిక్ తల బాదుకున్నాడు. పనిలో చేరిన మొదటి వారంలో నేర్చుకున్న పాఠం! ముక్కు సంగతి దాచుకునే హడావుడిలో కళ్లు వాడడం కూడా మరిచాడు.

ట్రే కడిగి, కన్నంలో వేడినీళ్లు పోసి బిగించేసరికి ఫోన్ మోగింది. ఐస్ బాబాయి. ఆమే తీసింది.

"పోయిందండీ, పూర్తిగా. ఆయన్నేమీ అనకండి. ఇంకో గంట ఇక్కడే ఉంటారు, పనుంది."

"ఇంకేం పనండీ?" మెకానిక్ నోరెళ్లబెట్టాడు.

"టీ తాగడం."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఒక మాటండీ. చదువు లేదు, జుట్టు పల్చన, ముక్కు సంగతి మీకే తెలుసు. ఇలాంటి సరుకుని ఎవరైనా..."

"నేను రోజూ పాలు మాడుస్తాను. ఆ కంపు పడలేక మా అక్క వేరే ఇల్లు చూసుకుంది. నాకు మాత్రం ఇంతకన్నా మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది?"

పెళ్లయి ఏడాది. మెకానిక్ అదృష్టవంతుడని అందరూ అంటారు. వాళ్లకేం తెలుసు! ఒంటరిగా ఉన్నప్పుడు అతని ఫ్రిజ్‌లో నాలుగు అరలూ, తలుపూ అన్నీ అతనివే. ఇప్పుడు ఆవిడ సామాను పోగా అతనికి అట్టడుగు అరలో ఎడమపక్కన జానెడు జాగా మిగిలింది. పోయినవి లెక్కగా మూడు ముప్పావు అరలు, తలుపు మొత్తం.