పదకొండో పేటకు విచ్ఛేదం

"సన్నద్ధత పూర్తయింది. విచ్ఛేద వాక్కు పలకండి," అన్నది నియంత్రణ యంత్రం ధృతిపాలకం.

దమయంతి పలకలేదు. విశాఖలోని ఈ దూరనియంత్రణ మందిరం నుండి ఐరోపా ఉత్తర తీరపు నగరమొకదానికి విద్యుత్తూ, ఇళ్లను వెచ్చబరిచే ఉష్ణధారా ఆగకుండా చూడటం ఆమె ఉద్యోగం. ఐరోపా ధృతిశాసనం ప్రకారం ఋతువుకొకసారి ఏదో ఒక అత్యావశ్యక కేంద్రాన్ని నిజంగానే తెంచి, వ్యవస్థ తనంతట తాను కోలుకుంటుందో లేదో పరీక్షించాలి. దేనిని తెంచాలో యంత్రం ఎంచుతుంది. ఆజ్ఞ మాత్రం మనిషి నోట రావాలి; ఆ నోట ఏ పేరు వస్తే దానినే అది తెంచుతుంది. బాధ్యత వహించడానికి ఒక మనిషి కావాలి గనుక.

ఈసారీ పదకొండో పేట ఉష్ణధారనే ఎంచింది.

"మళ్ళీ అదేనా?"

"అక్కడి ఫిర్యాదుభారం అత్యల్పం."

పక్క ఆసనంలో అప్పలకొండ ఆవలించాడు. "పేటంతా ముసిలోళ్లేనమ్మా, ఫిర్యాదు సేసే ఓపికేది? పలికీండి, టీ సల్లారిపోతంది."

"అక్కడ మంచు కురుస్తోందయ్యా."

"ఇక్కడ ఏసీ తగ్గించమంటేనే ఇనే నాథుడు లేడు. అక్కడి మంచు మనమేటి ఆపుతాం?"

దమయంతి ఆ పేటలోని వృద్ధాశ్రమానికి ఫోన్ కలిపింది. మార్తా అనే పరిచారిక పలికింది. అనువాదయంత్రం ఆమె అలసటను కూడా తెలుగు చేసింది.

"పోయినసారి వేడి ఆగితే పై అంతస్తుల వాళ్లను కిందికి మోసుకొచ్చాం. ఒకాయన మెట్ల మీదే పోయారు."

"ఫిర్యాదు ఎందుకు చేయలేదు?"

"వేడి ఆగి ఉన్నప్పుడే చేయాలట. అప్పుడు మేము మోస్తూ ఉంటాం."

దమయంతి ఫోన్ పెట్టేసింది. తర్వాత యంత్రాన్ని అడిగింది.

"ఋతువుకు ఎన్ని విచ్ఛేదాలు?"

"ఒకటే."

"ఈ మందిరం అత్యావశ్యక కేంద్రమేనా?"

"అవును."

"దీనిని ఎన్నడైనా పరీక్షించావా?"

"లేదు. ఇక్కడి ఫిర్యాదుభారం అత్యధికమని అంచనా."

అప్పలకొండ లేచి నిలబడ్డాడు. "అమ్మో! ఏటి సేస్తన్నారు? ఉద్యోగాలూడిపోతాయి!"

"నువ్వు టీకి వెళ్లావని రాస్తాను. వెళ్లు."

అతడు వెళ్లలేదు.

"విశాఖ దూరనియంత్రణ మందిరానికి విచ్ఛేదం," అన్నది దమయంతి. "పలికినది దమయంతి."

తెరలు వరుసగా ఆరిపోయాయి. ఏసీ ఆగింది. ఆ నగరం, పదకొండో పేటతో సహా, మొదటిసారిగా ఎవరి పర్యవేక్షణా లేకుండా వెచ్చగా ఉన్నది.

అంతలోనే అప్పలకొండ జేబులో ఫోన్ మోగసాగింది. అతడు పేరు చూసి ఫోన్‌ను ఆమె వైపు తిప్పాడు.

"పైవోళ్లమ్మా. ఏటి సెప్పమంటారు?"

"ఉన్నదే చెప్పు. పరీక్ష జరుగుతోందని."